రాయి విసిరే దూరం, కూతవేటు దూరం

కిందటి నెల మన శుక్రవారం కూటమిలో పిల్లల చేత తెలుగు వ్యాసాలు చదివించినప్పుడు చిన్న తగువు ఒకటి వచ్చింది. వచ్చినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రానివారి కోసం మళ్లీ చెబుతున్నాము. ఇక్కడి ఇంగ్లీషు బడిలో ఏడో తరగతి చదివే కుర్రవాడొకడు 'మా ఊరు' అనే వ్యాసంలో దుఖాన్ గురించి రాస్తూ, "మా ఇల్లు సముద్రానికి రాయి విసిరే దూరంలో ఉంది" అని చదివాడు. వాడి నాయనమ్మగారు మూడు నెలల వీసా మీద కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. ముందు వరసలో కూర్చున్న ఆవిడ ఊరుకోలేదు.

"ఏరా, ఎవరి మీద వేశావురా రాయి?"

"ఎవరి మీదా వెయ్యలేదు నాయనమ్మా. దగ్గర అని చెప్పడానికి అలా అంటారు."

"ఎవరంటారు? దగ్గరైతే కూతవేటు దూరం అనాలి గాని, రాళ్లు విసరడమేమిటి?"

అందరూ నవ్వారు. కుర్రవాడు సిగ్గుపడి కూర్చున్నాడు. టీ తాగేవేళకు తగువు పిల్లల్ని వదిలి పెద్దలకు పాకింది. 'స్టోన్స్ త్రో' అనేది ఇంగ్లీషులో చక్కని పలుకుబడి, తెలుగులోకి తెచ్చుకుంటే నష్టమేమిటని కొందరన్నారు. మనకు సొంతమాట ఉండగా అరువెందుకని మరికొందరన్నారు. రెండూ ఒకటే గదా, ఏది రాస్తేనేం అని చాలామంది సమోసాల వైపు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం మేమూ ఆ మూడో పక్షంలోనే ఉన్నాము. తరువాత పుస్తకాలు తిరగేసి, పక్క గదుల్లోని ఇతర భాషల మిత్రుల్ని అడిగి, మనవాళ్లలో పాతకాపులకు ఫోను చేసి కనుక్కున్నాక పక్షం మార్చుకోవలసి వచ్చింది. ఎందుకో ఈ వ్యాసంలో చెబుతాము.

ముందు ఇంగ్లీషు మాట సంగతి. 'ఎ స్టోన్స్ త్రో' అని వాళ్లంటారు. వాక్యంలో దానికి ముందు 'జస్ట్' గాని 'ఓన్లీ' గాని తరచుగా వస్తుంది. వెనక 'అవే ఫ్రమ్' వస్తుంది, లేకపోతే మొదట 'వితిన్' పెట్టి చివర 'ఆఫ్' చేరుస్తారు. స్టేషను నుంచి స్టోన్స్ త్రో, బజారుకు స్టోన్స్ త్రో, అద్దె ఇళ్ల ప్రకటనలన్నీ స్టోన్స్ త్రో. మనవాళ్లు అందులోని 'స్' ను మింగేసి 'స్టోన్ త్రో డిస్టెన్స్' అని రాస్తూ ఉంటారు. మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో కూడా ఇది కనిపిస్తుంది. అది దొరల చెవికి కొత్తగా వినిపిస్తుందట, అంతకు మించి ప్రమాదం లేదు. ఆ మాటలో ఉన్న అసలు ప్రమాదం వేరే. అది కొన్ని గజాలకూ చెల్లుతుంది, కొన్ని మైళ్లకూ చెల్లుతుంది. ఎవరు అంటున్నారు, ఎక్కడ కూర్చుని అంటున్నారు అన్నదాన్ని బట్టి ఆ రాయి పడే చోటు మారిపోతుంది.

మాట మాత్రం పాతది. 'త్రో' కంటె ముందు 'కాస్ట్' అనే రూపం వాడుకలో ఉండేది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, లూకా సువార్తలో, ఏసు చివరి రాత్రి శిష్యుల్ని విడిచి ప్రార్థన కోసం ఎంత దూరం వెళ్లాడో చెప్పడానికి ఆ రూపమే ఉంది. తెలుగు బైబిలు చేసినవారు కూడా అక్కడ రాయినే ఉంచారు. ఇంకా వెనక్కి పోతే హోమర్ ఇలియడ్ లో కొండమీద మంచు కమ్ముకున్నప్పుడు మనిషి చూపు రాయి విసిరినంత మేరే ఆనుతుందన్న పోలిక ఉంది. జనవరిలో దుఖాన్ రోడ్డు మీద తెల్లవారుజామున పొగమంచులో బస్సెక్కినవారికి ఆ పోలిక వేరే విప్పి చెప్పనక్కరలేదు.

రాయి అన్నది ఆ కాలంలో ఆయుధం. వడిసెలతో, చేత్తో విసిరిన రాళ్లు యుద్ధాల్లో తలలు పగలగొట్టేవి. రాయి ఎంత దూరం వస్తుందో తెలిసినవాడు బతికి బయటపడేవాడు. అందుచేత రాయి దూరం, బాణం దూరం, తుపాకి దూరం అని వరసగా మాటలు పుట్టాయి. ఇక్కడి అరబ్బులకు కూడా 'గల్వా' అనే పాత కొలత ఉంది, బాణం వెళ్లినంత దూరం అని దాని అర్థం. దగ్గర అనడానికి 'మర్మా హజర్' అనే మాటా ఉంది. హజర్ అంటే రాయి, మర్మా అంటే అది పోయి పడేంత మేర. కాబట్టి రాయి ఒక్క ఇంగ్లీషువాడి సొత్తు కాదు.

మన వైపు చూద్దాం. కూత అంటే కేక, పిలుపు. వేటు అంటే దెబ్బ. కేకను కూడా విసిరే వస్తువుగా భావించి, అది పోయి తగిలే చోటుదాకా కూతవేటు అన్నారు మన పెద్దలు. ఇది మన ఒక్కరిదే అనుకున్నాము. ఒక రాత్రి మెస్సులో పక్క బల్లల దగ్గర విచారిస్తే, తమిళ మిత్రుడు 'కూప్పిడు దూరం' అన్నాడు, పిలిచే దూరమని. కన్నడ మిత్రుడు 'కూగళతె దూర' అన్నాడు. కూగు అంటే కేక, అళతె అంటే కొలత. మలయాళీ మిత్రుడు 'విళిప్పాడగలె' అన్నాడు, అదీ పిలుపే. తమకు 'కల్లేరు దూరం' అని రాయి కూడా ఉందని, అయినా ఇంటి సంగతి చెప్పేటప్పుడు పిలుపే ముందు నోటికి వస్తుందని అతనే చెప్పాడు. నాలుగు దక్షిణాది భాషలవాళ్లం ఒకే మెస్సులో ఇన్నేళ్లుగా సాంబారు పంచుకుంటూ, ఈ మాట కూడా పంచుకుంటున్నామని ఆ రాత్రిదాకా ఎరగము.

న్యాయం చెప్పాలంటే ఇంగ్లీషులో కూడా చెవి కొలత లేకపోలేదు. 'ఇయర్ షాట్' అంటారు. ఓడలవాళ్లు 'హెయిలింగ్ డిస్టెన్స్' అంటారు, అంటే కేక వేస్తే పక్క ఓడవాడు పలికే దూరం. కాని నిత్యం వాడుకునే దగ్గరతనం కోసం వాళ్లు రాయినే ఎంచుకున్నారు, మనం కూతనే ఎంచుకున్నాము.

సంస్కృతం సంగతి ఇంకా తమాషాగా ఉంది. క్రోసు, కోసు అని మనం అనేది సంస్కృతపు క్రోశం. మనకది లెక్క, రెండు మైళ్లకు అటూ ఇటూ. ఆ మాటకు మూలార్థం మాత్రం కేక. ఆక్రోశంలో ఉన్నది ఆ క్రోశమే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గోరుతం అనే కొలత కూడా ఉంది, ఆవు అరుపు వినిపించే దూరమన్నమాట; నాలుగు గోరుతాలు ఒక యోజనం. ఏ మనిషి కేకా రెండు మైళ్లు పోదు. మొదట్లో కేకతోనే మొదలై, తరువాత రాజులు, కరణాలు, పన్నులవాళ్లు దాన్ని పట్టుకుని ధనువులతో కొలిచి, పెంచి, స్థిరపరిచి ఉంటారు. అలా క్రోసు ఉద్యోగంలో చేరి దూరంగా పోయింది. కూతవేటు ఊళ్లోనే ఉండిపోయింది. అన్నదమ్ములిద్దరూ ఎదురుపడినా ఇప్పుడు ఒకర్నొకరు గుర్తు పట్టరు.

మన దారుల మీద చెలామణి అయిన కొలతలు ఇంకా ఉన్నాయి. ఆమడ అంటే ఎనిమిది మైళ్లని కొందరు, పది అని కొందరు. 'ఆమడ దూరంలో ఉంచాలి' అనేటప్పుడు ఎవరూ లెక్క చూడరు గదా. మజిలీ అనేది అరబ్బీ 'మంజిల్' నుంచి వచ్చి మన నోట్లో తెలుగైపోయింది. దూరాన్ని మజిలీలతో చెబితే ప్రయాణికుడి కాళ్ల అలసట కూడా అందులోనే వచ్చేస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీకి బయలుదేరి, కడప, హైదరాబాదుల మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారి పొడుగునా మజిలీల వివరాలు స్నేహితుడు శ్రీనివాసపిళ్లగారికి తెలిపిన ఆ రచన మన భాషలో తొలినాటి యాత్రాగ్రంథాల్లో ఒకటి. ఆయన నడిపించిన బోయీలకు దగ్గర, దూరం అనేవి భుజాల మీది బరువుతో తెలిసిన సంగతులు.

ఆయన బయలుదేరేనాటికే కుంపిణీవారి కొలతలు మన నేల మీదికి దిగిపోయాయి. 1802 ఏప్రిల్ లో చెన్నపట్టణం దగ్గర సెంట్ థామస్ మౌంటు వద్ద విలియం లాంబ్టన్ ఉక్కు గొలుసు పరిచి, ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టాడు. మన దేశపు పటమంతా ఆ గొలుసు వెంబడి వచ్చింది. తరువాత మైళ్లు, ఫర్లాంగులు, గజాలు ఊరూరా చేరాయి. ఫర్లాంగు అంటే ఇంగ్లండులో ఎడ్లు ఒక్క బిగిన దున్నే చాలు పొడవు. ఒక ఫర్లాంగు పొడవు, 66 అడుగుల గొలుసు ఒకటి వెడల్పు ఉన్న నేల ఒక ఎకరం. కోనసీమ కొబ్బరితోట ఎకరాల్లో చెప్పినా, కరీంనగర్ వరిపొలం చెప్పినా మనం ఎరగని ఆ ఎడ్ల అడుగుల్ని లెక్కపెడుతున్నట్టే. 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి, కొన్నేళ్లలో రోడ్డు పక్క రాళ్ల మీద కిలోమీటర్లు రాశారు. రాయి మారినా పేరు మారలేదు. ఈనాటికీ మైలురాయి అనే అంటున్నాము.

ఇక దుఖాన్ కు వద్దాము. మనలో కొత్తగా వచ్చినవారు ఈ పేరు విని 'దుకాణం' అనుకోవడం, ఇంత ఎడారిలో దుకాణమేమిటని నవ్వడం రివాజు. దుకాణం అరబ్బీ మాటే గాని, అది వేరు. దుఖాన్ అంటే పొగ. ఖతార్ పడమటి తీరాన, దోహాకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చోటుకు చమురు వల్లనే లోకంలో పేరొచ్చింది. 1935లో చమురు ఒప్పందం అయింది. 1938లో మొదటి బావి తవ్వకం మొదలైంది. 1940 నాటికి చమురు ఉన్నట్టు తేలినా యుద్ధం కారణంగా 1942లో బావులు మూసేశారు. 1947లో తిరిగి తెరిచారు. పడమటి తీరంలో సముద్రం లోతు తక్కువ కావడం చేత పెద్ద ఓడలు రాలేవు. అందుకని ద్వీపకల్పానికి అడ్డంగా గొట్టం వేసి తూర్పు తీరాన ఉమ్ సయీద్ కు చమురు చేర్చి, 1949 డిసెంబరు చివర మొదటి ఓడను పంపారు. క్షేత్రం పొడవు సుమారు 80 కిలోమీటర్లు, వెడల్పు ఎనిమిది. ఒకే పనిచోటు ఈ చివర నుంచి ఆ చివరికి కాకినాడ నుంచి అమలాపురం దాటి పోయినంత దూరం! అటువంటి చోట దగ్గర, దూరం అనే మాటలు మన ఊరి అర్థంతో ఎలా నిలుస్తాయి?

ఈ తీరం ఎదుటే దగ్గరతనం పెద్ద న్యాయస్థానం దాకా పోయిన కథ ఒకటి ఉంది. హవార్ దీవులు ఖతార్ ఒడ్డుకు అతి దగ్గరైన చోట రెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. బహ్రెయిన్ ప్రధాన ద్వీపానికి అంతకు ఎన్నో రెట్లు దూరం. అయినా 1939 జూలైలో, దుఖాన్ బావి తవ్వుతుండగానే, బ్రిటిషు ప్రభుత్వం అవి బహ్రెయిన్ వే అని తేల్చింది. 1991లో ఖతార్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. మా ఒడ్డుకు ఇంత దగ్గరగా ఉన్నాయి గదా అన్నది వారి వాదాల్లో ఒకటి. 2001 మార్చి 16న న్యాయస్థానం 1939 నిర్ణయాన్నే నిలబెట్టి హవార్ ను బహ్రెయిన్ కు ఇచ్చింది, జుబారాను, జనాన్ దీవిని ఖతార్ కు ఇచ్చింది. రాయి విసిరేంత దగ్గరన్నది దస్తావేజు ముందు నిలబడలేదు. దేశాలకు ఇది సరిహద్దు తగువు. మామూలు మనిషి విషయంలో అదే మాట ఏం చేస్తుందో, మా పాతకాపు ఒకరి అనుభవం చెబుతుంది.

ఆయన కోనసీమవారు. 1983లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఒక కాంట్రాక్టరు కింద హెల్పరుగా ఇక్కడికి వచ్చారు. చమురు క్షేత్రంలో ఆనాటి మాటంతా ఇంగ్లీషే. కొలతలు అడుగులు, మైళ్లు, బారెళ్లు. వచ్చిన పదిహేనో రోజో ఇరవయ్యో రోజో, ఆగస్టు నెలలో, పదకొండు గంటలవేళ, ఫోర్ మన్ ఒక కాగితం ఇచ్చి, దూరాన మెరుస్తున్న ఇనుప స్తంభాల్ని చూపించి, యార్డులో ఇచ్చి రమ్మన్నాడు. "జస్ట్ ఎ స్టోన్స్ త్రో" అన్నాడు. పదో తరగతి ఇంగ్లీషుతో స్టోన్ తెలుసు, త్రో తెలుసు. ఊళ్లో కాలవకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు రాయి విసిరిన చెయ్యి. అందుకని నీళ్ల డబ్బా పట్టుకోలేదు.

ఎడారి గాలిలో దూరపు వస్తువు దగ్గరగా కనిపిస్తుంది. మధ్యలో చెట్టు గాని ఇల్లు గాని లేకపోవడం వల్ల కంటికి లెక్క దొరకదు. ఎంత నడిచినా స్తంభాలు అక్కడే ఉన్నాయి. రోడ్డు చుట్టు తిరుగుతోందని అడ్డదారి తొక్కారు. అది ఉప్పునేల, పైన పెళుసు, కింద బురద. తరువాత తెలిసింది, ఆ యార్డు నాలుగు కిలోమీటర్ల పైమాటని. సగం పైన పోయాక కాళ్లు తేలిపోయాయి. దూరాన ఒక బండి కదులుతున్నట్టు కనిపిస్తే కేక వేశారు.

మొన్న ఫోనులో మళ్లీ అడిగితే ఆయన అన్నారు: "అన్నని పిలిచినట్టు పిలిచానండీ. నా కేక నాకే వినబడినట్టు లేదు."

అది బలహీనత వల్ల కలిగిన భ్రమ మాత్రమే కాదు. నేల కాలిపోతూ, పైగాలి అంతకంటె చల్లగా ఉన్నప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది. కొంత దూరం దాటాక నేల మీద ఉన్నవాడికి అందదు. రాత్రి నేల చల్లబడ్డాక ఇందుకు తిరగబడుతుంది, శబ్దం కిందికి వంగి చాలా దూరం పోతుంది. మన పల్లెల్లో సంధ్యవేళ ఏటి అవతలి కేక వినపడటం, మిట్టమధ్యాహ్నం పక్క చేలో మనిషి పలకకపోవడం అందుకే. ఎదురుగాలి అయితే చెప్పనే అక్కరలేదు. ఇక్కడి వేసవిలో వాయవ్యం నుంచి వీచే శమాల్ ఎంత గొంతునైనా మింగేస్తుంది. కూతవేటు కూడా వేళను బట్టి, గాలిని బట్టి పెరిగి తరిగే కొలతేనని ఒప్పుకోవాలి.

గొట్టం కింద ఉన్న జానెడు నీడలో తల పెట్టి పడిపోయిన ఆయన్ని నీళ్ల ట్యాంకరు నడిపే పెషావరు పఠాను చూశాడు. కేక విని రాలేదు. ఎర్రచొక్కా కనపడి ఆపాడట. తన ట్యాంకరు నీళ్లే ఆయన మీద కుమ్మరించి, బండిలో వేసుకుని వైద్యుడి దగ్గరికి చేర్చాడు. రెండు రోజులు సెలైను ఎక్కించాక మనిషి లేచి కూర్చున్నారు. ఫోర్ మన్ చూడటానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడ్డాడు. అయినా, దగ్గరే అని చెప్పాను గదా అని పదే పదే అన్నాడట. అతని లెక్క ప్రకారం అబద్ధం లేదు. ఆ దారిని అతనెప్పుడూ పికప్పులో కూర్చుని, చల్లగాలిలో, నాలుగైదు నిమిషాల్లో దాటాడు. ఒక్కనాడూ నడవలేదు. (ఇప్పుడు 2021 నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున్న 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. ఆనాడు అటువంటిది లేదు.)

ఆ వారమే ఆయన గదిలోని పెద్దలు తలుపు వెనక సుద్దతో తెలుగులో మూడు ముక్కలు రాశారు: 'ఎంత దూరం అని అడగవద్దు. నడిచి ఎన్ని నిమిషాలు అని అడుగు. నీళ్లు పట్టుకో.' గదిలోకి కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా అది చదివించేవారట. సున్నం వేసినప్పుడల్లా చెరిగిపోతే మళ్లీ రాసేవారు. ఆ క్యాంపు తీసేసిన దాకా అది ఉందని ఆయన చెప్పారు.

మన పల్లెటూరివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా అని ఎవరైనా అడగవచ్చు. ఫలానా ఊరికి దారేదని అడిగితే, "ఇదో, ఇక్కడేనండీ, ఆ చింతచెట్టు దాటితే" అంటారు. చింతచెట్టు దాటి రెండు క్రోసులు నడిస్తే గాని ఊరు రాదు. చుట్ట కాలేలోపల చేరిపోతారనేవారు మా వైపు. ఎంత పొడుగు చుట్టో చెప్పేవారు కాదు. ఈ నేరం ఒప్పుకుంటున్నాము. కాని ఆ చెప్పేవాడు రోజూ ఆ దారిన నడిచేవాడే. అతని 'ఇక్కడే' అతని కాళ్లలో నుంచి వచ్చింది. పైగా సగం దారిదాకా మనతో కబుర్లు చెబుతూ వచ్చి పొలిమేరలో వదిలిపెడతాడు.

తెలుగు దినపత్రికల్లో తరచు కనిపించే ఒక వాక్యం చూడండి: పోలీస్ స్టేషన్ కు కూతవేటు దూరంలో చోరీ. ఆసుపత్రికి కూతవేటు దూరంలో ప్రసవవేదన. మంత్రిగారి ఇంటికి కూతవేటు దూరంలో తాగునీటికి కటకట. విలేఖరి ఇక్కడ గజాలు చెప్పడం లేదు. కేక వేస్తే వినిపించేంత దగ్గర ఉండి కూడా పలకలేదని నిష్ఠూరమాడుతున్నాడు. ఈ నిష్ఠూరం 'రాయి విసిరే దూరం' అనే మాటలో పలకదు. రాయి దూరానికి విసిరేవాడొక్కడు చాలు, అవతల ఎవరూ లేకపోయినా కొలత పూర్తవుతుంది. కూతవేటుకు ఇద్దరు కావాలి. పిలిచేవాడుండాలి, వినేవాడుండాలి, విన్నవాడు రావాలన్న ఆశ కూడా అందులోనే ఇమిడి ఉంది. ప్లాట్లు అమ్మేవాళ్లు బస్ స్టాండుకు కూతవేటు దూరం అని ప్రకటనలు వేసి ఈ మాటను కూడా అరగదీస్తున్నారు, అది వేరే విచారం.

మేము పక్షం మార్చుకున్నది ఇక్కడే. 'స్టోన్స్ త్రో' ఇంగ్లీషులో హాయిగా ఉండనివ్వండి. పిల్లలు ఇంగ్లీషులో రాసేటప్పుడు 'స్' మింగకుండా రాస్తే చాలు. దాన్ని తెలుగులోకి దించితే పోయేది ఒక పలుకుబడి మాత్రమే కాదు. దగ్గర అనే మాటలో మనం దాచుకున్న అవతలి మనిషి పోతాడు.

ఈ అవతలి మనిషి కోసం మనవాళ్లు పడిన పాట్లు తక్కువా? హైదరాబాదుకు ఇక్కడి నుంచి ఆకాశమార్గాన మూడువేల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. 1980లలో ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు పట్టేది. టెలిఫోను ఖరీదైన పని. ఊళ్లో ఫోను ఉండేది పోస్టాఫీసులోనో షావుకారు ఇంట్లోనో. అప్పుడు క్యాసెట్లు వచ్చాయి. రాత్రి అందరూ పడుకున్నాక దుప్పటి కప్పుకుని టేపురికార్డరు దగ్గర నోరు పెట్టి, అరవై నిమిషాల క్యాసెట్టు రెండు వైపులా మాట్లాడి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవారు. అటునుంచి క్యాసెట్టు వస్తే పెళ్లాం మాటల వెనక కోడి కూత, పక్కింటి రేడియో, వీధిలో ఐసుబండి గంట వినిపించేవి. కొందరు ఆ వెనక చప్పుళ్ల కోసమే మళ్లీ మళ్లీ వేసుకునేవారు. నిజామాబాద్ మిత్రుడొకరు తన కూతురు మొదటిసారి 'బాపూ' అన్న క్యాసెట్టును ఇప్పటికీ దాచుకున్నారు. వేసి వినడానికి యంత్రం లేదు.

ఇదంతా కుర్రవాడి నాయనమ్మగారికి చెప్పి, తీర్పు మీ వైపే వచ్చిందని విన్నవించడానికి కిందటి గురువారం వాళ్లింటికి వెళ్లాము. ఆవిడ మా చరిత్రంతా ఓపికగా విని, "ఇంత పుస్తకం ఎందుకు నాయనా, పిలిచి చూస్తే తెలియదూ" అన్నారు. సాయంత్రం నీరెండ వేళ కోడలిని తోడు తీసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లారు. మనవడు ఇంట్లో ఉండి వినాలని ఒప్పందం. మేము వాడి దగ్గర కూర్చున్నాము. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ మోగుతోంది. పావుగంట చూశాము, ఏమీ వినపడలేదు. వాడు తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. వెనకాలే మేమూ వెళ్లాము. గాలి సముద్రం వైపు నుంచే వస్తోంది. సన్నగా, సాగదీసి, గోదావరి రేవులో పిలిచినట్టు వాడి ముద్దుపేరు వినిపించింది.

"వస్తున్నా నాయనమ్మా!" అని అరిచి వాడు చెప్పులు లేకుండానే పరుగెత్తాడు.

వ్యాసంలో ఆ వాక్యాన్ని వాడు దిద్దుకున్నాడు. ఇప్పుడక్కడ 'మా ఇల్లు సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది, కిటికీ తీసి ఉంటే' అని ఉంది. పక్కన పెన్సిలుతో, నడిచి తొమ్మిది నిమిషాలు అని కూడా వేసుకున్నాడు.